డిసెంబరు 25 ఎవరికి సెలవు?

మన పూర్వ విద్యార్థుల సంఘం పుట్టినప్పటి నుంచి వార్షిక సమావేశం డిసెంబరు 25నే జరుగుతూ వచ్చింది. కారణం అందరికీ తెలిసిందే. బెంగళూరులో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా ఆ రోజు ఉద్యోగస్తులకు సెలవు. సంక్రాంతికి ఇల్లు కదలలేం. ఉగాదికి ఇంటి నుంచి బయట పడితే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. దసరాకు పిల్లలు ఊరుకోరు. క్రిస్మస్ అయితే ఖాళీ. ఈ 'ఖాళీ' అనే మాట తొలి సమావేశాల్లో అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నాలుగేళ్ళ కిందట పాత ఫోటోలన్నీ ముందేసుకుని చూస్తుంటే ఒక సంగతి తట్టింది. మా బ్యాచ్ వాళ్ళు ఏదో ఒక ఏడాది ఫోటోలో అందరూ కనిపిస్తారు. మూడేళ్ళు నా పక్కనే బెంచీ మీద కూర్చున్నవాడు మాత్రం ఒక్కదాంట్లోనూ లేడు. ఎమ్మిగనూరులో స్థిరపడ్డాడు, ఆదోనికి గంట ప్రయాణం. ఫోను చేసి, ఇన్నేళ్ళుగా ఎందుకు రాలేదని నిష్ఠూరంగానే అడిగాను.

"ఆ పొద్దు మా ఇంట్లో పండగ గదప్పా. పండగ ఇడిసిపెట్టి యాడికి రావల్ల?" అన్నాడు.

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పిన మనిషిని నేను. ప్రపంచ పటంలో ఏ దేశం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపిస్తానని పేరు. ఆ ఒక్క జవాబుకు నా దగ్గర మాట లేదు. స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు ఆదోని కోట గురించో, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు గురించో రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. అవి చాలామంది రాశారు. నేను ఈ పండుగ గురించి రాస్తున్నాను. మిత్రుడి పేరు రాయడం లేదు. వద్దని అతనే అన్నాడు.

1970లో మేం ఎనిమిదో తరగతి. అర్ధ సంవత్సర పరీక్షలో 'క్రిస్మస్ పండుగ' గురించి వ్యాసం రాయమన్నారు. నేను గైడులో ఉన్నది ఉన్నట్టు దించాను: మంచు కురుస్తుంది, ఎర్ర అంగీ వేసుకున్న తాత జింకల బండి మీద వస్తాడు, పైను చెట్టుకు దీపాలు కడతారు. పదికి ఎనిమిది వచ్చాయి. పండుగ చేసుకునే నా మిత్రుడికి మూడు. అతను రాసింది నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందురోజు రాత్రి పెట్రోమాక్స్ దీపం పట్టుకుని ఇంటింటికీ పాడుకుంటూ పోతాం, తప్పెట కొడతాం, ముసలమ్మలు టీ, బొరుగులు ఇస్తారు, గుళ్ళో జొన్న చొప్పతో పశువుల కొట్టం కడతాం, పొద్దున్నే కొత్త గుడ్డలు, మధ్యాహ్నం మాంసం కూర, జొన్న రొట్టె. దాని కింద ఎర్ర సిరాతో, పుస్తకంలో ఉన్నట్టు రాయాలి అని ఉంది. ఆ అయ్యవారు చెడ్డవారు కాదు. ఆయనా నాలాగే ఆ పండుగను గైడులోనే చూశారు.

ఇప్పుడు చరిత్రలోకి వస్తాను. ఆ గైడు ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మన ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. అప్పటి ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో ఊరే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. అందుకని మన వైపు క్రైస్తవం కథ కర్నూలు నుంచి కాదు, బళ్ళారి నుంచి మొదలుపెట్టాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. పదేళ్ళకు, 1810లో, లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ బళ్ళారి చేరాడు. బళ్ళారిలో మన పెద్దలకు తెలిసిన వార్డ్లా హైస్కూలు ఈ మిషన్ వారిదే. కడపలో వీరి పని 1822లో మొదలైంది. అదే కాలంలో, ఆ తర్వాత, చుట్టుపక్కలకు వేరేవాళ్ళు వచ్చారు. నంద్యాల వైపు ఇంగ్లండు ప్రభుత్వ చర్చికి చెందిన ఆంగ్లికన్లు, కర్నూలు పట్నంలో అమెరికన్ బాప్టిస్టులు. ఒకే జిల్లాలో మూడు రకాల క్రైస్తవం అన్నమాట. పండుగ విషయంలో ఈ ముగ్గురూ ఒకటి కాదు.

లండన్ మిషనరీ సొసైటీ 1795లో పుట్టింది. అందులో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ అనే శాఖవారు. వీరి పూర్వీకులు ఇంగ్లండు ప్యూరిటన్లు. ప్యూరిటన్లకు క్రిస్మస్ అంటే అస్సలు పడేది కాదు. ఏసు ఏ రోజున పుట్టాడో బైబిల్లో లేదు కదా, లేని పండుగ మనకెందుకని వారి వాదం. 1647లో ఇంగ్లండు పార్లమెంటులో వారిది పైచేయిగా ఉన్నప్పుడు క్రిస్మస్‌ను చట్టం పెట్టి రద్దు చేశారు. అమెరికాలో మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా ఆ పండుగ చేసుకుంటే 5 షిల్లింగుల జరిమానా. స్కాట్లండులో అయితే డిసెంబరు 25కు ప్రభుత్వ సెలవు వచ్చింది 1958లో. అంటే మన బడికి క్రిస్మస్ సెలవు ఇస్తున్న రోజుల్లో కూడా దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో పుట్టిన దేశంలో ఆ రోజు జనం పనికి పోయేవాళ్ళు!

హ్యాండ్స్ కాలానికి ఆ పట్టుదల సడలింది నిజమే. అయినా బళ్ళారికి వచ్చిన మిషనరీలు పెట్టెల్లో క్రిస్మస్ చెట్టు పెట్టుకుని రాలేదు. పెట్టుకుని రావడానికి అది ఇంగ్లండు ఇళ్ళలోకే ఇంకా సరిగ్గా చేరలేదు. డికెన్స్ 'క్రిస్మస్ కెరోల్' పుస్తకం, అంగట్లో అమ్మే మొదటి క్రిస్మస్ కార్డు, రెండూ 1843వి. చెట్టు జర్మనీ వాళ్ళది. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 1848లో లండన్ పత్రికలో పడ్డాక ఇంగ్లండంతా పాకింది. మా గైడులో ఉన్న 'అసలైన' క్రిస్మస్ బళ్ళారి మిషన్ కంటే ముప్పై ఏళ్ళు చిన్నది.

మరి మన పక్క ఊళ్ళలో, పేటల్లో ఇంత పెద్ద పండుగను ఎవరు తెచ్చారు? నాకు తెలిసినంతలో జవాబు ఒక్కటే. ఎవరూ తేలేదు. కథ బయటి నుంచి వచ్చింది, పండుగను ఇక్కడివాళ్ళు కట్టుకున్నారు.

1876-78 నాటి ధాత కరువు గురించి మన తాతలు చెప్పగా విన్నవాళ్ళం మనలో ఇంకా ఉన్నాం. మద్రాసు రాజధానిలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ కరువు సమయంలోనూ, తర్వాతి దశాబ్దాల్లోనూ తెలుగు నాట మాల, మాదిగ పేటల నుంచి జనం పెద్ద సంఖ్యలో మిషన్లలో చేరారు. గంజికి ఆశపడి చేరారని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను. గంజి ఎన్నాళ్ళు పోస్తారు? కరువు తీరి నూటనలభై ఏళ్ళు దాటినా గుళ్ళు నిండుగానే ఉన్నాయి. ఊరి గుడి మెట్టు ఎక్కనివ్వని కాలంలో తమదంటూ ఒక గుడి, పలక పట్టుకుని కూర్చునే ఒక బడి, పేరు పెట్టి పిలిచే ఒక మనిషి దొరికితే ఆ విలువ గంజితో కొలిచేది కాదు. వాళ్ళకు పండుగ కూడా కావాలి. ఊరి జాతరలో తప్పెట కొట్టడానికి మాత్రమే పిలుపు వచ్చేవాళ్ళకు, తమ వాకిట్లో తమ కోసం తప్పెట కొట్టుకునే రోజు అది. పీర్ల పండుగకు, జాతరకు మోగిన ఆ తప్పెటే అక్కడా మోగింది. దరువు కూడా పెద్దగా మారలేదని మా మిత్రుడు నవ్వుతూ అంటాడు.

పాట సంగతీ అంతే. తెలుగు క్రైస్తవుల చేతుల్లో ఉండే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిచి చూడండి. పాటల నెత్తిన రాగం, తాళం ఉంటాయి. ఆ కీర్తనకారుల్లో పెద్దవాడు పురుషోత్తమ చౌదరి, 1803 నుంచి 1890 దాకా జీవించారు. విలాయతీ వరుసల్లోకి తెలుగు మాటలు ఇరికించిన పాటలు పక్కన పెడితే, జనం నోట నిలిచినవి ఇలా మన రాగాల్లో పుట్టినవే. క్రిస్మస్ రాత్రి పేటలో తాళాలు పట్టుకుని పాడుతుంటే, మాట వినబడనంత దూరంలో నిలబడితే, రామభజనకూ దానికీ తేడా చెప్పడం కష్టం. చిన్నప్పుడు మా నాయనమ్మ అలాగే పొరబడింది. "ఈ చలిలో ధనుర్మాసం భజన ఎవరు చేస్తాండారో పుణ్యాత్ములు" అంది.

ఆమె పొరపాటు అంత పెద్దదేమీ కాదని తర్వాత నాకు తెలిసింది. ఫిలిప్పీన్స్ దేశంలో డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు, కోడి కూసే వేళకు గుడికి పోయి ప్రార్థన చేస్తారు. సింబాంగ్ గబీ అంటారు. ప్రార్థన అయ్యాక గుడి బయట వేడివేడిగా బియ్యప్పిండి రొట్టెలు, పుట్టులు తింటారు. మన ధనుర్మాసం కూడా ఇంచుమించు డిసెంబరు 16నే మొదలవుతుంది. తెల్లారుజామున గుడి, ఆపైన వేడి పొంగలి. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు. చలికాలం తెల్లవారుజాము, కొత్త బియ్యం, దేవుడు. ఈ మూడూ ఉన్నచోట మనుషులు ఇంచుమించు ఒకేలా ప్రవర్తిస్తారేమో.

తేదీ కూడా ప్రపంచమంతా ఒకటి కాదు. రోమ్‌లో డిసెంబరు 25న ఈ పండుగ చేసుకున్నట్టు 336వ సంవత్సరం నాటి ఆధారం ఉంది. ఆర్మీనియా చర్చి జనవరి 6న చేసుకుంటుంది. రష్యా, ఈజిప్టు, ఇథియోపియా చర్చిలు జనవరి 7న. అక్కడ పాత జూలియన్ లెక్క నడుస్తుంది, ఇప్పటి క్యాలెండరుకు 13 రోజుల తేడా. మనకు ఉగాది ఒక రోజు, తమిళులకు మరో రోజు వచ్చినట్టే. ఇథియోపియా వాళ్ళు పండుగకు ముందు నలభై రోజులకు పైగా మాంసం, పాలు ముట్టరు. అయ్యప్ప మాల వేసుకున్న ఇల్లు తెలిసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. పండుగ నాడు చేమగ్గం మీద నేసిన తెల్లని నూలు వస్త్రం కప్పుకుని గుడికి పోతారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఎమ్మిగనూరు గుర్తొచ్చింది. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు. ఆ ఊరి మగ్గాలు సంక్రాంతికి, రంజానుకు, క్రిస్మస్‌కు తేడా లేకుండా ఆడాయి. మా మిత్రుడి అమ్మ ఏడాదికి ఒక్క కొత్త చీర కట్టేది, అదీ క్రిస్మస్‌కే. నీలకంఠేశ్వర స్వామి జాతరకు జనవరిలో అదే చీర. ఆ చీర డిసెంబరులోనే ఎందుకు వచ్చేదంటే అప్పటికి పత్తి తీతల కూలి చేతికి అందేది. ఆదోని మార్కెట్టుకు పత్తి బండ్లు వరసకట్టే నెలలు అవి. నేలను బట్టి పంట, పంటను బట్టి కూలి, కూలిని బట్టి పండుగ. ఏ మిషనరీ ఆలోచించి పెట్టకపోయినా డిసెంబరు 25 మన నల్లరేగడి నేలకు సరిగ్గా అతికింది.

పత్తి మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. మిత్రుడి నాయన జిన్నింగ్ మిల్లులో హమాలీ. మిల్లు నేల మీద ఊడ్చిన పత్తిని పండుగకు ముందు తెచ్చేవాడు. పిల్లలు సరుగుడు కొమ్మ నరికి మట్టి కుండలో నాటి, దాని మీద ఆ పత్తి పరిచేవాళ్ళు. మంచు అన్నమాట! మంచు చూసినవాడు ఆ వీధిలో ఒక్కడూ లేడు. ఆదోనిలో మంచు జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చేది.

నక్షత్రం మాత్రం వాళ్ళు కొనేవాళ్ళు కాదు. మేదరవాళ్ళ దగ్గర వెదురు బద్దలు తెచ్చి, గాలిపటాల కాగితం అంటించి, లోపల బుడ్డి దీపం పెట్టేవాళ్ళు. గాలి వస్తే అంటుకునేది, మళ్ళీ చేసేవాళ్ళు. ఇప్పుడు ప్రపంచమంతా వేలాడే కాగితం నక్షత్రాల్లో పేరుపడ్డ మొరేవియన్ నక్షత్రం పుట్టింది ఒక బడిలో. జర్మనీలో నీస్కీ అనే ఊరిలో మొరేవియన్ సంఘం వాళ్ళ మగపిల్లల బడి ఉండేది. 1830ల్లో అక్కడి పిల్లలకు జామెట్రీ నేర్పడానికి కాగితంతో చేయించిన లెక్క అది. లెక్కల అయ్యవార్లు ఈ ముక్క గమనించాలి. లెక్కల పీరియడ్‌లో చేసిన పని రెండు వందల ఏళ్ళు వెలగడం తరచుగా జరిగేది కాదు.

జొన్న చొప్పతో కట్టే కొట్టం గురించి కూడా చెప్పి ఈ లోకసంచారం ఆపుతాను. ఏసు పుట్టిన పశువుల పాకను బొమ్మగా చూపే అలవాటుకు పేరు తెచ్చింది ఇటలీలో అసీసీకి చెందిన ఫ్రాన్సిస్. 1223లో గ్రెచ్చో అనే ఊరిలో గడ్డి పరిచి, నిజం ఎద్దునూ గాడిదనూ తెచ్చి నిలబెట్టాడు. చదువురాని పల్లె జనానికి కథ కంటికి కనబడాలని ఆయన కోరిక. మన పల్లెల్లో ఆ కష్టం లేదు. ఎద్దుల గాడి ముందు పురుడు పోసుకోవడం అంటే ఏమిటో కొట్టం పక్కనే కాపురం ఉన్నవాళ్ళకు బొమ్మ చూపించి చెప్పాలా? మంచు, జింకలు మాకు గైడు చెప్పాల్సి వచ్చింది. చొప్ప, గాడి, చలి, ఊరు కాని ఊర్లో చోటు దొరకని నిండు చూలాలు, ఇవి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఊరు కాని ఊరు అన్నాను. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు పల్లెల సంగతి ఈ సంచిక చదివేవాళ్ళందరికీ తెలుసు. వాన మొహం చాటేసిన ఏడు, పీర్ల పండుగో దసరానో అయ్యీ కాకముందే ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు, బెంగళూరు, హైదరాబాదు బిల్డింగు పనులకు పోతారు. నేను పనిచేసిన ఒక పల్లె బడిలో డిసెంబరు హాజరుపట్టీ చూస్తే సగం పేర్ల ఎదుట సున్నాలే. ఆ పిల్లల క్రిస్మస్ మిరప చేను గట్టున, టార్పాలిను గుడారం ముందు జరుగుతుంది. తిరిగొచ్చాక ఒక పాప చెప్పింది. మేస్త్రీ ఆ రోజు మధ్యాహ్నం దాకే పని చెప్పాడట, అందరూ కలిసి ఒక కోడి కోసుకున్నారట, సెల్‌ఫోనులో పాటలు పెట్టుకున్నారట. నక్షత్రం కట్టారా అని అడిగితే, "ఆడ కరెంటు యాడిది సార్, పైన శానా ఉండాయి గదా" అంది. పోలండులో క్రిస్మస్ ముందురాత్రి భోజనానికి, ఆకాశంలో తొలి చుక్క కనబడ్డాకే కూర్చుంటారు. అనుకోకుండా వచ్చే మనిషి కోసం ఒక కంచం ఎక్కువ పెడతారు. ఆ పల్లెలో పండుగనాడు ఖాళీ కంచాలు ఎన్ని పెట్టాలో లెక్క వేస్తే ఇళ్ళలో ఉన్న కంచాలు చాలవు.

ఇక జపాన్‌లో ఆ రోజు కోసం నెల ముందే వేయించిన కోడికి ఆర్డరు పెడతారని, అక్కడ అది సెలవు కూడా కాదని విన్నప్పుడు మా మిత్రుడు, "అయితే మీ సంఘం మీటింగు ఆడ పెట్టేకి కుదరదు" అన్నాడు.

ఒక బాకీ మిగిలింది. ఆ 1970 క్రిస్మస్ అయిన మర్నాటి సంగతి. సెలవుల్లో మా ఇంటి సందు మొదట్లోకి వచ్చి, పాత పేపర్లో చుట్టిన కర్జికాయలు నాలుగు నా చేతిలో పెట్టాడు. వాళ్ళింట్లో చేసినవి తింటే మా ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు. కడుపు నొప్పి, తర్వాత తింటానని చెప్పి జేబులో వేసుకున్నాను. రైలు కట్ట దగ్గర కుక్కకు వేశాను. యాభై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట ఫోనులో మాట్లాడాక ఎమ్మిగనూరు వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పాను.

"నాకు తెలుసు లేరా. ఎనకాలే వచ్చినా, చూసినా" అన్నాడు. కాసేపాగి, "మా యమ్మకు మాత్రం, బాగుండాయన్నాడని చెప్పినా" అన్నాడు.

స్వర్ణోత్సవం తేదీ నిర్ణయించే కార్యవర్గ సమావేశంలో నేను లేచి 26 అన్నాను. ఒకరిద్దరు, ఇన్నేళ్ళ ఆనవాయితీ కదా అన్నారు. కారణం చెప్పాక ఎవరూ ఏమీ అనలేదు. కాబట్టి ఈసారి ఫోటోలో అతను ఉంటాడు, అతనితోపాటు మా ముందు వెనక బ్యాచ్‌ల వాళ్ళు ఇంకా కొందరు ఉంటారు. ముందువరసలో కూర్చోబెట్టే బాధ్యత నాది.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి పండుగ నిన్నటిదై ఉంటుంది. నేను 24 సాయంత్రమే బస్సెక్కి ఎమ్మిగనూరు పోతున్నాను. రాత్రి వాళ్ళతో వీధులు తిరగడానికి మోకాళ్ళు సహకరిస్తే తిరుగుతాను. కర్జికాయలు చేయించమని వాళ్ళ కోడలికి ముందే చెప్పాను.